ఎండ్రకాయ డెక్కల రసాయనం

చింటూ, బుజ్జీ,

మొన్న దేవరకొండలో రక్తం తీసేటప్పుడు బుజ్జి ఒకటే అడుగుడు, ఊదా మూత గొట్టంలోనే ఎందుకు పోస్తున్నారు తాతా అని. అప్పుడు జ్వరం టెన్షన్‌లో చెప్పలేదు. ఆ గొట్టం లోపల ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి, ఇది ఆ కాల్షియాన్ని, పోయినేడు డిండి వాగులో ఎండ్రకాయ చింటూ వేలు పట్టినట్టు, గట్టిగా పట్టేస్తుంది. లోహాన్ని ఇట్లా పట్టేవాటిని కీలేటర్లు అంటారు. ఆ పేరు కూడా ఎండ్రకాయ డెక్క అనే గ్రీకు మాట నుంచే వచ్చింది.

ఇదంతా ఎందుకంటే, పెన్సిలిన్ జాతి మందుల్లో నాలుగు పరమాణువుల చిన్న వలయం ఉంటుంది, దాన్ని తెంపితే మందు పనిచేయదు. తెంపే ఎంజైములను కొన్ని బ్యాక్టీరియాలు తయారుచేసుకుంటాయి. అందులో ఎన్‌డీఎం-1 మహా మొండిది, పెద్దాసుపత్రుల్లో ఏ మందూ పనిచేయనప్పుడు ఇచ్చే మెరోపెనెం ఇంజెక్షన్‌నూ తెంపేస్తుంది. (ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. మన దేశం వచ్చి వెళ్లిన ఒక స్వీడన్ రోగిలో 2008లో కనబడిందని ఆ పేరు పెట్టారు. ఊరి పేరు ఇలాంటి ఎంజైముకు అంటగట్టడం ఏం పద్ధతో!)

ఆ ఎంజైము కొడవలి అయితే, దాని పదును రెండు జింకు అయాన్లు. 2014లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు మట్టిలోని ఒక బూజులో ఆస్పర్జిల్లోమరాస్మైన్-ఏ అనే పదార్థం ఆ జింకునే లాగేస్తుందని చూపించారు. కొత్తదేం కాదు, మొక్కలను వాడగొడుతుందని ఎప్పుడో తెలిసిందే. ఒంటరిగా అది బ్యాక్టీరియాను చంపదు, కానీ మెరోపెనెంతో కలిపి ఇస్తే, ఎన్‌డీఎం-1 ఉన్న క్రిములు సోకిన ఎలుకలు బతికాయి. కొత్త మందు వెతకకుండా పాత మందుకే దారి చేయడం, నాకు నచ్చింది ఇదే.

మరి ఈడీటీఏ కూడా జింకును పట్టుకుంటుంది కదా, అదే ఎక్కిస్తే సరిపోదా అంటాడు చింటూ. సరిపోదురా. అది రక్తంలో కాల్షియాన్ని లాగేస్తే గుండె లయే తప్పుతుంది. జింకు కూడా మన ఒంట్లో వందల ఎంజైములకు కావాలి. మన ఫ్లోరైడ్ నీళ్లలో పటిక, సున్నం వేసి కలిపితే ఫ్లోరైడ్ మడ్డితో అడుగుకు దిగుతుంది, పై నీళ్లు వంచుకుని మడ్డి పారబోస్తాం. ఒంట్లో అట్లా వంచుకునే వీలేదీ? ఆ బూజు పదార్థం కూడా ఇంకా మందుగా షాపుల్లోకి రాలేదు.

దసరాకు వచ్చేటప్పుడు గాజు సీసా తెండి, పటిక నా దగ్గరుంది.

మీ తాత