నోట్‌బుక్కులో అంకెలు

చిన్నీకి, బాబీకి, అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బాబీ అన్నాడు గుర్తుందా, "నర్సులు డాక్టర్లు చెప్పింది చేస్తారు, రూల్సు పెట్టేది మంత్రులే కదా" అని. ముప్పై ఏళ్లు వార్డుల్లో తిరిగినదాన్ని, ఊరుకుంటానా! నాలుగు మాటలు అందామనుకునేలోపు సిగ్నల్ పోయింది. అందుకే ఈ ఉత్తరం.

నర్సింగ్‌కు దారి చూపిన ఇంగ్లండ్ నర్సు ఫ్లారెన్స్ నైటింగేల్ బొమ్మ చూసే ఉంటారు, చేతిలో దీపంతో. నాకు ఆ దీపం కన్నా ఆవిడ బల్ల మీది కాగితాలంటేనే ఇష్టం. 1854లో రష్యాతో క్రిమియా యుద్ధం జరుగుతుంటే 38 మంది స్త్రీలను వెంటబెట్టుకుని టర్కీలోని స్కుటారిలో ఉన్న బ్రిటిష్ సైనికుల ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ గాయాలతో పోయేవాళ్ల కన్నా కలరా, విరేచనాలు, టైఫస్ జ్వరంతో పోయేవాళ్లే ఎక్కువ. ఆసుపత్రి కిందే మురుగు కాలువలు పూడుకుపోయి ఉండేవి. 1855 మార్చిలో లండన్ నుంచి వచ్చిన శానిటరీ కమిషన్ (శుభ్రత చూసే బృందం) వాళ్లు వాటిని కడిగించి, లోపలికి గాలి వచ్చేలా చేశాక చావులు బాగా తగ్గాయి. పాపం, దీపం బొమ్మలో వాళ్లెవరూ కనబడరు.

ఇంటికి తిరిగొచ్చాక ఆవిడ ఊరికే కూర్చోలేదు. విలియం ఫార్ అనే లెక్కల నిపుణుడి సాయంతో నెలనెలా ఎంతమంది ఎందుకు పోయారో లెక్కగట్టింది. ఆ లెక్కల్ని గుండ్రటి బొమ్మగా గీయించింది. నివారించగలిగిన జబ్బులకు నీలం రంగు. అంకెల పట్టీ చూసి ఆవలించే మంత్రి కూడా ఆ నీలం చూస్తే ఆగాల్సిందే. 1857లో బ్రిటిష్ ప్రభుత్వం సైన్యం ఆరోగ్యం మీద విచారణకు రాయల్ కమిషన్ వేసింది. ఆడవాళ్లకు అందులో చోటు లేదు. అధ్యక్షుడు సిడ్నీ హెర్బర్ట్ ఆవిడ స్నేహితుడు కాబట్టి, వెనక నుంచి పని నడిపించింది. ఆ తర్వాతే సైన్యానికి వైద్య పాఠశాల, చావుల లెక్కలు చూసే విభాగం వచ్చాయి.

తర్వాత ఆవిడ దృష్టి మన దేశం మీద పడింది. ఇక్కడ అడుగు పెట్టకుండానే కంటోన్మెంట్లన్నిటికీ ప్రశ్నలు పంపించింది: నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది? 1863లో వచ్చిన నివేదిక ప్రకారం ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారు. మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర వైపు కూడా నిలబడింది. కాలువల్లో నీళ్లు పారితేనే జనానికి తిండి, తిండి ఉంటేనే ఆరోగ్యం అని ఆవిడ వాదన.

ఇక నా సంగతి. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో రాత్రి పూట 50 పడకల వార్డుకు ఇద్దరమే. టీచింగ్ ఆసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంది. మేం మాత్రం పేషెంట్లను పక్కకు తిప్పడానికి కూడా చేతులు చాలక అల్లాడేవాళ్లం. దాంతో నేనూ నా తోటి సిస్టరూ ఒక నోట్‌బుక్కులో రోజూ రాయడం మొదలుపెట్టాం: ఎవరికి బెడ్ సోర్లు (కదలకుండా పడుకుంటే వచ్చే పుండ్లు) వచ్చాయి, ఏ రాత్రి ఎంతమంది పడకల మీద నుంచి జారిపడ్డారు. ఆరు నెలలు రాశాం. పెద్దసారు ముందు పెడితే తిప్పి తిప్పి చూసి, "ఇవన్నీ మీకెందుకమ్మా" అన్నారు. ఎనిమిది నెలలకు రాత్రి డ్యూటీకి ఇంకొక మనిషిని ఇచ్చారు. ఒక్కరినే, కానీ ఇచ్చారు!

ఆ నోట్‌బుక్కు ఇంకా ట్రంకు పెట్టెలో ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు చూపిస్తాను. గోళ్లు మాత్రం కత్తిరించుకుని రండి, లేకపోతే పెట్టె ముట్టుకోనివ్వను.

మీ అమ్మమ్మ