పన్నెండు చింతపిక్కలు

మన ఊరి బడి పిల్లలందరికీ మీ పాత మాష్టారు దీవించి రాస్తున్నది.

మొన్న ఆదివారం రామాలయం అరుగు మీద కూర్చుని ఉంటే మీలో ఒక గుంట వచ్చింది. "మాష్టారూ, కంప్యూటర్ లోపల తెలుగు ఎక్కడుంటాది?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే ఐసు బండి వెనక పరుగెత్తింది. జవాబు నా దగ్గరే ఉండిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

నేను ఉద్యోగం చేసే రోజుల్లో పిల్లలెవరూ ఈ ప్రశ్న అడగలేదు. మేం అడగనివ్వలేదు అనాలేమో. అప్పట్లో నేను పనిచేసిన ఒక బడికి కంప్యూటర్ వచ్చింది. దాన్ని గదిలో పెట్టి, మీద తువ్వాలు కప్పి, తాళం వేశాం. పిల్లలకు మాత్రం బోర్డు మీద దాని భాగాలు రాసి, పదేసిసార్లు వల్లె వేయించాం. పరీక్షలో 'మౌస్ బొమ్మ గీయుము' అని అడిగితే, ఒక గుంటడు మీసాలు, తోక పెట్టి చక్కటి ఎలకను గీశాడు. నేను ఇంటూ పెట్టాను. వాడు జన్మలో ఆ వస్తువును చూడలేదు, ఇంకేం గీస్తాడు? చివరికి తాళం తీసి స్విచ్ వేస్తే అది వెలగనే లేదు. ఆ ఇంటూ గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సరే, ప్రశ్నకు వద్దాం. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. పన్నెండు చింతపిక్కలు చాలు. (జీడిపిక్కలు ముట్టుకోవద్దు. పలాసలో వాటి ధర ఎంతో మీ నాయనమ్మ చెబుతుంది, వీపు మీద.) ఒక్కో పిక్కను అరుగు రాయి మీద ఒకవైపే తెల్లగా వచ్చేదాకా అరగదీయండి. వేడెక్కిన పిక్కను పక్కవాడి చేతికి చురుక్కుమనిపిస్తారని నాకు తెలుసు. మేమూ చేశాం. ఒక్కసారితో ఆపండి.

అష్టాచెమ్మా ఆడేటప్పుడు నాలుగు పిక్కలు వేస్తే ఎన్ని తెల్లగా పడ్డాయన్నదే లెక్క. ఏది ఎక్కడ పడిందో ఎవరికీ పట్టదు. కంప్యూటర్ ఆటలో మాత్రం చోటే ముఖ్యం. నాలుగు పిక్కల్ని వరసగా పేర్చండి. కుడి చివరిదాని విలువ 1, దాని ఎడమ పక్కది 2, తర్వాత 4, తర్వాత 8. ఎడమకు జరిగేకొద్దీ రెట్టింపు. తెల్లగా ఉన్నవాటి విలువలే కూడాలి, నల్లవాటిని వదిలేయాలి. మూడో క్లాసు వాడు తన వయసు 8 పేర్చాలంటే ఎడమ చివరిది ఒక్కటే తెల్లగా పెడతాడు. పుట్టినరోజు రాగానే కుడి చివరిది కూడా తిప్పితే 9.

నాలుగు పిక్కలతో సున్నా నుంచి 15 దాకా లెక్కపెట్టొచ్చు. ఐదోది కలిపితే 31 దాకా. పన్నెండు ఉంటే 4,095 దాకా వెళ్లొచ్చు. కంప్యూటర్ లోపల ఉండేవి ఇలాంటి పిక్కలే. కాకపోతే అవి కంటికి కనిపించనంత చిన్న స్విచ్చులు, కోట్ల కొద్దీ ఉంటాయి. కరెంటు ఉంటే తెలుపు, లేకపోతే నలుపు. దానికి తెలిసింది అంతే.

మరి తెలుగు? ప్రపంచంలోని అక్షరాలు దాదాపు అన్నిటికీ తలో నంబరు ఇచ్చిన పట్టిక ఒకటుంది. పేరు యూనికోడ్. మొదటిసారి 1991లో అచ్చయింది. అందులో మన తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. 'అ' నంబరు 3077. ఆ గుంట అడిగిన తెలుగు ఉండేది ఇక్కడే, ఈ నంబర్లలో. ఇప్పుడు పన్నెండు పిక్కలూ పేర్చండి. ఎడమ చివరి దాని విలువ 2048, రెండోది 1024. ఆ రెండూ, పదోది, పన్నెండోది తెల్లగా పెట్టండి. 2048, 1024, 4, 1 కూడితే 3077. మీ అరుగు మీద 'అ' రాసేశారు. ఇక పన్నెండోది నల్లగా తిప్పి, పదకొండోది తెల్లగా చేయండి. 3078. అది 'ఆ'. దీర్ఘం ఇవ్వడానికి రెండు పిక్కలు తిప్పితే సరిపోయింది చూశారా! (నిజానికి కంప్యూటర్ పిక్కల్ని ఎనిమిదేసి గుంపులుగా దాచుకుంటుంది కాబట్టి పన్నెండుతో సరిపెట్టదు. ఆ సంగతి పెద్ద క్లాసుల్లో చూద్దురు.)

అందరూ ఒకే పట్టిక వాడకపోతే ఏమవుతుందో నేను అనుభవించాను. ఇరవై ఏళ్ల కిందటి మాట. ప్రశ్నపత్రం ఒక దుకాణంలో తెలుగులో కొట్టించి, ఫ్లాపీలో (ఇప్పటి పెన్‌డ్రైవ్ లాంటిది) వేయించుకుని, ప్రింటు కోసం శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఇంకో చోటికి పట్టుకెళ్లాను. తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు. ఇంగ్లిష్ ముక్కలు, కామాలు, తలకిందుల ప్రశ్నార్థకాలు! అప్పట్లో ఒక్కో ఫాంట్‌ది ఒక్కో సొంత లెక్క. ఒకరి లెక్కలో 'క' ఉన్నచోట ఇంకొకరికి ఇంకేదో ఉండేది. తెల్లారితే పరీక్ష. ఆ టెన్షన్‌లో రాత్రంతా కూర్చుని స్టెన్సిల్ మీద చేత్తో రాశాను.

ఇప్పుడు మీకు ఆ బాధ లేదు. మీ బడి కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పెట్టమని మీ టీచరమ్మను అడగండి. కీల మీద వేలితో తడిమితే ఎఫ్, జె మీద చిన్న గీతలు తగులుతాయి. చూపుడువేళ్లు రెండూ అక్కడ ఆనించాలి. గుణింతం గుర్తులన్నీ దాదాపు ఎడమచేతి కిందకి, హల్లులు కుడిచేతి కిందకి వస్తాయి. 'అమ్మ' అని కొట్టడానికి షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత షిఫ్ట్ వదిలి సి, డి, సి. అంటే అ, మ, పొల్లు, మళ్లీ మ. మనకు రెండక్షరాలే కనిపిస్తాయి, లోపల మాత్రం నాలుగు నంబర్లు: 3077, 3118, 3149, 3118. నమ్మకం కుదరకపోతే చివర్లో బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కి చూడండి. 'మ్మ' మొత్తం పోదు. 'అమ్' అని మిగులుతుంది. ఇంకోసారి నొక్కితే పొల్లు పోయి 'అమ' అవుతుంది. వత్తు ఎలా పుడుతుందో నేను ముప్పై ఏళ్లు సుద్దముక్కతో చెప్పాను గానీ, ఇంత తేటగా ఎన్నడూ చూపించలేకపోయాను.

ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చుకునే పద్ధతి ఫోన్లో మీ అన్నయ్యలు వాడుతుంటారు. తప్పేం లేదు, నేనూ వాడతాను. కానీ మీరింకా మూడో క్లాసు, నాలుగో క్లాసే కదా. ముందు ఇది పట్టుబడనివ్వండి.

వచ్చే ఆదివారం పొద్దున్నే అరుగు మీదే ఉంటాను. పిక్కలు అరగదీసి తెచ్చుకోండి. 'ఇ' నంబరు 3079. అది పేర్చడం తేలికే. దాని తర్వాతది 'ఈ', 3080. అక్కడ మాత్రం ఒకటి రెండు పిక్కలు తిప్పితే కుదరదు. ఎన్ని తిప్పాలో ఇంటి దగ్గరే చూసుకుని రండి. ఐసు బండి ఆ టైముకే వస్తుందని నాకు తెలుసు. ఈసారి అందరికీ నేనే కొనిపెడతాను, ఎవరూ మధ్యలో పరుగెత్తక్కర్లేదు.

ఇట్లు,
మీ మాష్టారు