పగ తీర్చుకోని హ్యూ గ్లాస్: 'ది రెవెనెంట్' వెనకున్న అసలు చరిత్ర

'ది రెవెనెంట్' చూసినవాళ్లకి ఎలుగుబంటి దాడి సీను ఓ పట్టాన బుర్రలోంచి పోదు. లియొనార్డో డికాప్రియోకి ఎన్నో ఏళ్లుగా అందీ అందకుండా పోయిన ఆస్కార్ 2015 చివర్లో వచ్చిన ఈ సినిమాతోనే దక్కింది. దర్శకుడు అలెహాంద్రో ఇన్యారిటు, కెమెరామన్ ఇమాన్యుయెల్ లుబెజ్కీ కూడా దీనికే ఆస్కార్లు అందుకున్నారు. హ్యూ గ్లాస్ అనే వేటగాణ్ణి ఎలుగుబంటి చీల్చేస్తుంది. కనిపెట్టుకుని ఉండాల్సిన ఫిట్జెరాల్డ్ అతని కొడుకుని కళ్లముందే చంపి, అతన్ని కొన ఊపిరితో ఉండగానే గోతిలో వదిలి పారిపోతాడు. గ్లాస్ మంచులో పాక్కుంటూ బయటపడి, వెతికి వేటాడి పగ తీర్చుకుంటాడు. సినిమా కథ ఇదీ.

గ్లాస్ నిజంగా బతికిన మనిషే. 1823లో అతన్ని ఎలుగుబంటి చీల్చిందన్నదీ, తోటివాళ్లు వదిలేసి పోయారన్నదీ, వందల మైళ్లు ఈడ్చుకుంటూ వచ్చి బతికాడన్నదీ అప్పటివాళ్లు చెప్పుకున్న సంగతులే. కొడుకు ఉన్నాడనడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. పగ సంగతి అంతకన్నా ఆశ్చర్యం. తనని వదిలేసి పోయిన ఇద్దర్నీ గ్లాస్ పట్టుకున్నాడు, ఇద్దర్నీ ప్రాణాలతో వదిలేశాడు. చివరికి అతను వెనక్కి తీసుకున్నది తన తుపాకీ ఒక్కటే.

ఆ తుపాకీకి అంత విలువ ఎందుకో, అసలు ఆ మనుషులు ఆ అడవుల్లోకి ఎందుకు వెళ్లారో తెలియాలంటే టోపీల దగ్గర మొదలుపెట్టాలి.

అప్పట్లో లండన్, పారిస్, న్యూయార్కుల్లో మర్యాదస్తుడన్న ప్రతివాడి నెత్తినా బీవర్ బొచ్చు టోపీ ఉండాల్సిందే. బీవర్ అంటే వాగులకి అడ్డంగా కర్రలతో, మట్టితో కట్టలు కట్టుకుని బతికే జంతువు. దాని పై వెంట్రుకల అడుగున మెత్తటి బొచ్చు ఇంకో పొర ఉంటుంది. ఆ సన్నటి బొచ్చుకి కంటికి కనపడనంత చిన్న కొక్కేలుంటాయి. తడిపి, వేడి చేసి, ఒత్తితే ఒకదానికొకటి పట్టుకుని ఫెల్టు అనే దట్టమైన గుడ్డ అవుతుంది. వానకి తడవదు, ఆకారం చెడదు. ఈ మోజులో యూరప్‌లోని బీవర్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. దాంతో వ్యాపారుల చూపు ఉత్తర అమెరికా నదుల మీద పడింది. బొచ్చు బాగా అతుక్కోవడానికి పాదరసం కలిపిన ద్రావణం వాడేవారు. ఆ ఆవిర్లు పీల్చిన టోపీ కార్మికులకి చేతులు వణికేవి, మతి చలించేది. కొండల్లో చచ్చినవాళ్ల కథలు మిగిలాయి గానీ ఈ కార్మికుల కథ ఎవరూ సినిమాగా తీయలేదు.

1822 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్ పత్రికలో ఒక ప్రకటన వచ్చింది. మిస్సోరి నది పుట్టినచోటు దాకా వెళ్లడానికి 100 మంది చురుకైన కుర్రాళ్లు కావాలి, పని ఒకటి నుంచి మూడేళ్లు. ఇచ్చినాయన విలియం ఆష్లే, ఏడాది కిందట రాష్ట్రంగా మారిన మిస్సోరికి లెఫ్టినెంట్ గవర్నర్. ఆయన భాగస్వామి ఆండ్రూ హెన్రీ, అంతకుముందే ఆ కొండలు తిరిగి వచ్చినవాడు. తర్వాత అమెరికా చరిత్రలో 'మౌంటెన్ మెన్'గా పేరు మోసిన జెడెడయా స్మిత్, జిమ్ బ్రిడ్జర్ లాంటివాళ్లు ఈ కంపెనీలోనే కుర్రాళ్లుగా చేరారు. గ్లాస్ మరుసటి ఏడాది చేరాడు. అప్పటికే నలభైకి అటూ ఇటూ ఉంటాడు, ఆ గుంపులో పెద్దవాడి కిందే లెక్క. అంతకుముందు సముద్రపు దొంగల చేతికి చిక్కాడనీ, పావ్నీ తెగతో కలిసి బతికాడనీ కథలున్నాయి. ఏదీ రుజువైంది కాదు.

ఆష్లే పద్ధతిలో ఒక కొత్త సంగతి ఉంది, గొడవంతా అక్కడే మొదలైందని నా అభిప్రాయం. అంతవరకూ ఎక్కువగా నడిచింది వేరే పద్ధతి. వ్యాపారి నది ఒడ్డున కోట కట్టుకుని కూర్చుంటాడు. మూలవాసులు బీవర్లని పట్టి తోళ్లు తెచ్చి, బదులుగా తుపాకులు, గుడ్డలు, బిందెలు, పూసలు తీసుకుపోతారు. ఆష్లే, హెన్రీ మాత్రం తమ మనుషులతోనే ఉచ్చులు వేయించాలనుకున్నారు. కొందరికి జీతం, కొందరికి పట్టిన తోళ్లలో వాటా. చట్టం ప్రకారం వీళ్లకున్న లైసెన్సు తెగలతో వ్యాపారం చేసుకోవడానికే. తెగల నేల మీద వేటాడటానికి అనుమతి లేదు. అదే 1822లో ప్రభుత్వం తను నడిపే వ్యాపార కేంద్రాలు మూసేసి, రంగం మొత్తం ప్రైవేటు కంపెనీలకి వదిలేసింది. వేల మైళ్ల అవతల చట్టం అమలవుతోందా లేదా అని చూసేదెవరు?

ఆ నది మీద అరికరా తెగ ఉంది. సినిమాలో వాళ్లు గుర్రాల మీద బాణాలతో విరుచుకుపడేవాళ్లుగానే ఎక్కువ గుర్తుంటారు గానీ, అసలు వాళ్లు రైతులు. ఇప్పటి సౌత్ డకోటాలో మిస్సోరి ఒడ్డున మట్టి కప్పిన గుండ్రటి ఇళ్లు కట్టుకుని మొక్కజొన్న, చిక్కుళ్లు, గుమ్మడి పండించేవారు. సేద్యం ఆడవాళ్ల చేతిలో ఉండేది. పండిన మొక్కజొన్నని మైదానాల్లో తిరిగే తెగలకిచ్చి గుర్రాలు, తోళ్లు తీసుకునేవారు, వాటిని మళ్లీ తెల్ల వ్యాపారులతో మార్చుకునేవారు. ఆ మధ్యవర్తి వ్యాపారమే వాళ్ల బలం. 1780ల నాటికి మశూచి వాళ్లలో అత్యధికుల్ని పొట్టన పెట్టుకుంది. 1806లో అధ్యక్షుణ్ణి కలవడానికి వాషింగ్టన్ వెళ్లిన వాళ్ల నాయకుడు అక్కడే చనిపోయాడు, మన నాయకుణ్ణి ఏం చేశారన్న అనుమానం ఊళ్లలో ఉండిపోయింది. 1823 వసంతంలో వేరే బొచ్చు కంపెనీ మనుషులతో జరిగిన ఘర్షణలో ఇద్దరు అరికరాలు చచ్చిపోయారు. ఇవన్నీ చాలనట్టు ఇప్పుడు ఆష్లే పడవలు వాళ్ల ఊళ్ల ముందు నుంచే, వాళ్ల అవసరమే లేకుండా తోళ్లు తెచ్చుకోవడానికి పైకి పోతున్నాయి. నోటికాడ కూడు లాక్కున్నట్టే కదా.

1823 జూన్ 2 తెల్లవారుజామున అరికరాలు కాల్పులు మొదలుపెట్టారు. ముందు రోజు దాకా గుర్రాల బేరం సాగింది. రాత్రి ఉరుములతో పెద్ద వాన. ఆష్లే మనుషుల్లో కొందరు గుర్రాలతో ఇసుక తిన్నె మీదే ఉండిపోయారు, వెనక నది, ముందు తుపాకులు. నిలబడి పోరాడినవాళ్లు, ఈదబోయినవాళ్లు కలిపి డజనుకి పైగా చచ్చారు. గ్లాస్ కాలికి తూటా తగిలింది.

గ్లాస్ స్వయంగా రాసిందంటూ మనకి మిగిలింది ఒకే ఒక్క ఉత్తరం. అది ఈ దాడి గురించే. చనిపోయిన జాన్ గార్డ్‌నర్ అనే కుర్రాడి తండ్రికి రాశాడు. మీ అబ్బాయి కాల్పుల తర్వాత కాసేపు బతికాడు, మీకు కబురు చెప్పమని నన్ను అడిగాడు, మా స్మిత్ చేసిన ప్రార్థన మమ్మల్నందర్నీ కదిలించింది, సమాధి దగ్గర గుర్తుగా ఒక దుంగ పెట్టాం, అతని వస్తువులు పంపిస్తాం అని ఉంది అందులో. తన గాయం గురించి ఒక్క వాక్యం రాశాడంతే. గ్లాస్ ఎలాంటివాడో రెండున్నర గంటల సినిమా కన్నా నాకు ఈ ఉత్తరమే ఎక్కువ చెప్పింది. అరికరాలు నమ్మకద్రోహులని కూడా అందులోనే రాశాడు. వాళ్లకి తమ కంపెనీ ఎలా కనిపించి ఉంటుందో అతనికి తట్టలేదు.

ఆగస్టులో కల్నల్ హెన్రీ లెవెన్‌వర్త్ సైన్యంతో వచ్చాడు. 200కి పైగా సైనికులు, కంపెనీల వేటగాళ్లు, అరికరాలంటే పడని వందలాది సూ తెగ యోధులు. మిస్సిసిపీకి పడమరన మైదాన తెగల మీద అమెరికా సైన్యం చేసిన మొదటి యుద్ధం ఇదే. అరికరాలు రాత్రికి రాత్రి ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. కల్నల్ వద్దన్నా వినకుండా వేరే బొచ్చు కంపెనీ మనుషులు ఆ ఊళ్లకి నిప్పు పెట్టారు.

నది దారి ఇక లాభం లేదని హెన్రీ కొందరిని తీసుకుని నేల మీద పడమరకి బయల్దేరాడు. గ్రాండ్ నది పాయల దగ్గర, గుంపుకి కాస్త దూరంగా వెళ్లిన గ్లాస్ పిల్లలతో ఉన్న గ్రిజ్లీ ఎలుగుబంటికి ఎదురుపడ్డాడు. మెడ, నెత్తి, వీపు, కాలు చీరేసింది. తెల్లారేసరికి పోతాడనుకున్నారు, పోలేదు. చుట్టూ శత్రువులు, ఆగితే అందరి ప్రాణాలకీ ముప్పు. చనిపోయేదాకా ఉండి పాతిపెట్టి రావడానికి ఇద్దరికి అదనంగా డబ్బిస్తానన్నాడు హెన్రీ. జాన్ ఫిట్జెరాల్డ్, ఒక కుర్రాడు ఒప్పుకున్నారు. కొన్ని రోజులు చూశారు. గ్లాస్ చావట్లేదు. తుపాకీ, కత్తి, చెకుముకి తీసుకుని వెళ్లిపోయి, చనిపోయాడని చెప్పారు.

వదిలేసి పోవడం కన్నా ఆ సామాను తీసుకుపోవడమే పెద్ద ద్రోహం. తుపాకీ లేకపోతే తిండి లేదు, కత్తి లేకపోతే దొరికిన మాంసం కోసుకోలేడు, చెకుముకి లేకపోతే రాత్రి నిప్పు లేదు. మరుసటి ఏడాది ఇంకో దాడిలో తుపాకీ, మూట పోగొట్టుకుని, సంచిలో కత్తీ చెకుముకీ కనపడేసరికి ధనవంతుణ్ణయినట్టు అనిపించిందని గ్లాస్ చెప్పినట్టు 1825 నాటి కథనంలో ఉంది. ఆ మాట అన్నది ఆ రెండూ లేకుండా ఒకసారి బతికి చూసినవాడు.

అతను పాకింది మంచులో కాదు, ఆగస్టు చివరి ఎండల్లో మొదలుపెట్టి. అడవి పండ్లు, వేర్లు తిన్నాడు. తోడేళ్లు పడగొట్టిన బైసన్ (అమెరికా అడవిదున్న) దూడ మాంసం దొరికింది. దారిలో సూ తెగ మనుషులు అతని వీపు గాయానికి చికిత్స చేశారని చెబుతారు. సుమారు 200 మైళ్లు దాటి మిస్సోరి ఒడ్డున ఫోర్ట్ కయోవా చేరాడు. సినిమాలోని చలి షూటింగ్‌లో వాళ్లు పడిన చలి. కెనడాలో మంచు కరిగిపోతే అర్జెంటీనా దక్షిణ కొస దాకా వెళ్లి, దాదాపుగా సహజమైన వెలుతురులోనే తీశారు. ఆ శ్రమ తెర మీద కనిపిస్తుంది, కాదనను.

కోలుకున్న గ్లాస్ మళ్లీ పైకి బయల్దేరాడు. బిగ్‌హార్న్ నది కలిసేచోట హెన్రీ కట్టిన కొత్త కోటలో ఏడాది చివర్లో ఆ కుర్రాడు దొరికాడు. చిన్నవాడని క్షమించాడు. 1824లో ఇప్పటి నెబ్రాస్కాలోని ఫోర్ట్ అట్కిన్సన్‌లో ఫిట్జెరాల్డ్ దొరికాడు. వాడప్పటికే సైన్యంలో చేరాడు. సైనికుణ్ణి చంపితే ఉరి తప్పదు. కెప్టెన్ కల్పించుకుని తుపాకీ ఇప్పించాడు.

ఈ కథ మొదట అచ్చయింది 1825లో, ఫిలడెల్ఫియా పత్రికలో. రాసింది జేమ్స్ హాల్ అనే లాయరు, అదీ ఇతరుల నోట విని. అందులో ఆ కుర్రాడి పేరు లేదు. అతను జిమ్ బ్రిడ్జరేనని చరిత్రకారుడు హైరమ్ చిటెండెన్ 1902లో, ఒక పడవ కెప్టెన్ చెప్పాడని రాశాడు. బ్రిడ్జర్ అప్పటికే పోయాడు, తన మాట చెప్పుకోవడానికి లేడు. సినిమా ఆ పేరునే ఖాయం చేసేసింది.

1915లో జాన్ నైహార్ట్ రాసిన కావ్యానికి గుండెకాయ క్షమాపణే. 1971లో రిచర్డ్ హారిస్ నటించిన సినిమాలోనూ నాయకుడు చివరికి పగ వదిలేస్తాడు. మైకేల్ పంక్ 2002 నవల ప్రతీకారాన్ని ముందుకి తెచ్చింది, దాని ఆధారంగా 2015 సినిమా కొడుకుని సృష్టించి చంపింది. తండ్రి పగ అంటే ప్రేక్షకుడికి వెంటనే ఎక్కుతుంది. కానీ ఆ మార్పుతో కంపెనీ తప్పుకుంది. డబ్బు ఆశ చూపి ఇద్దర్ని వదిలి ముందుకి సాగిన ఏర్పాటు, తెగల వాగుల్లో లైసెన్సు లేని వేట, ఇవన్నీ ఒక దుర్మార్గుడి ముఖం వెనక దాక్కున్నాయి.

గ్లాస్‌ని 1833లో గడ్డకట్టిన ఎల్లోస్టోన్ నది మీద అరికరాలే చంపారు. అప్పటికే చాలా వాగుల్లో బీవర్లు అయిపోవచ్చాయి, టోపీలు పట్టుకి మారడం మొదలైంది. 1825లో ఆష్లే మొదలుపెట్టిన వేటగాళ్ల వార్షిక సంత 1840తో ఆగిపోయింది. 1837లో ఒక బొచ్చు కంపెనీ స్టీమరు మోసుకొచ్చిన మశూచి అరికరాలని మళ్లీ ఊడ్చేసింది. మిగిలినవాళ్లు మాండన్, హిదాత్సా తెగలతో కలిసి నార్త్ డకోటాలోని ఫోర్ట్ బెర్తోల్డ్‌లో స్థిరపడ్డారు. 1953లో పూర్తయిన గారిసన్ డ్యాం అక్కడి నది ఒడ్డు పొలాల్ని కూడా ముంచింది. వాళ్ల భాష మాట్లాడేవాళ్లు ఇప్పుడు కొద్దిమందే. సినిమాలో అరికరా పాత్రల చేత ఆ భాషే పలికించడం ఇన్యారిటు చేసిన మంచి పనుల్లో ఒకటి. జూన్ 2 తెల్లవారుజామున ఆ ఊళ్లోంచి చూస్తే ఇసుక తిన్నె మీది మనుషులు ఎలా కనిపించారో అదే భాషలో ఎవరైనా సినిమా తీస్తే చూడాలని నాకు చాలా కోరికగా ఉంది.