తీసేసిన ప్రత్యయం పని ఎవరు చేస్తారు?

కొత్త భాషను కల్పించేవాళ్లు సాధారణంగా కత్తిరింపులతో మొదలుపెడతారు. లింగం వద్దు, విభక్తులు వద్దు, క్రియకు అన్ని రూపాలు వద్దు. వ్యాకరణం ఒక పేజీలో ఇమిడిపోతుంది. కానీ తీసేసిన ప్రతి ముక్కా అంతకుముందు ఏదో ఒక పని చేస్తూ ఉండేది. ఆ పని ఇప్పుడు ఇంకొకటి చెయ్యాలి.

వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇదంతా టెన్షనే. అయితే ఈ చివరలు ఉండబట్టే "వచ్చాను" అంటే చాలు, "నేను" అక్కర్లేదు. 1887లో లుడ్విక్ జామెన్‌హోఫ్ ప్రచురించిన ఎస్పెరాంతో అనే కల్పిత భాషలో చూసేది ఎవరైనా "వీదస్" ఒక్కటే. నేనైతే "మి వీదస్", అతనైతే "లి వీదస్". క్రియ తేలికైంది, సర్వనామం తప్పనిసరైంది. నా దృష్టిలో ఇది లాభసాటి బేరమే.

అసలు చిక్కు కర్మ దగ్గర వస్తుంది. ఎస్పెరాంతోలో కర్మకు చివర "న్" చేరుతుంది. "ల కాతో వీదస్ ల ముసోన్" అన్నా, "ల ముసోన్ వీదస్ ల కాతో" అన్నా ఎలుకను పిల్లి చూస్తోందనే అర్థం. ఈ "న్" చాలామందికి నచ్చలేదు. 1907లో ఎస్పెరాంతోను సంస్కరించి తెచ్చిన "ఇదో" అనే భాషలో, కర్మ కర్త కంటే ముందుకొచ్చినప్పుడే అది అవసరం. తెలుగులో "ని, ను" కూడా కొంచెం ఇలాంటివే. "పుస్తకం చదివాడు" అంటాం, ఎందుకంటే పుస్తకం మనిషిని చదవదు. "పులి ఏనుగును చూసింది" అన్నప్పుడు మాత్రం ఆ "ను" ఉండి తీరాలి.

మరి ప్రత్యయాన్ని పూర్తిగా తీసేసి, పదాల వరుసతో నెట్టుకురావచ్చా? మీ భాషను ఈ రెండు మాటలతో పరీక్షించి చూడండి: "పిల్లి చూసిన ఎలుక", "పిల్లిని చూసిన ఎలుక". తెలుగులోలా క్రియ చివర ఉండే భాషలో కర్త, కర్మ రెండూ క్రియకు ముందే వస్తాయి. "ని" పోతే ఈ రెండూ ఒకటైపోతాయి, ఎవరు ఎవరిని చూశారో తెలియదు. అదే క్రియను మధ్యలో పెడితే, కర్త దానికి ముందు, కర్మ దాని తర్వాత ఉంటాయి కాబట్టి తేడా నిలుస్తుంది. 1963లో భాషాశాస్త్రవేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 30 భాషలను పోల్చిన వ్యాసంలోనూ ఈ ధోరణి కనిపిస్తుంది: క్రియ చివర వచ్చే భాషల్లో దాదాపు ఎప్పుడూ విభక్తులు ఉంటాయి. ఒక భాగాన్ని విడిగా సరళం చేయలేకపోవడం నాకు ఇందులో అన్నిటికంటే నచ్చే విషయం. విభక్తి మీద చెయ్యి వేస్తే క్రియ చోటు కూడా మార్చాల్సి వస్తుంది.

భారాన్ని వినేవాళ్ల మీద వదిలేసే దారి కూడా ఉంది. 2001లో సోన్యా లాంగ్ రూపొందించిన టోకీ పోనాలో సుమారు 120 మాటలే. కాలాన్ని చూపించే చివరలు లేవు. "మి మోకు" అంటే నేను తిన్నాను, తింటున్నాను, తింటాను. నేనే తిండిని అని కూడా కావచ్చు. సందర్భమే తేల్చాలి. ఇంత పొదుపైన భాషలోనూ కర్మకు ముందు పెట్టడానికి "ఎ" అనే చిన్న మాట ఉంది. "మి మోకు ఎ కిలి" అన్నప్పుడు కాలం ఇంకా తేలదు గానీ, పండును తినేది నేనేనని స్పష్టంగా తెలుస్తుంది.