చలువరాయిలో చలువ ఎక్కడిది?

మే నెల ఎండల్లో హైదరాబాదులోని ఒక స్పాలో చల్లరాళ్ల ఫేషియల్ చేయించుకున్నప్పుడు, చెంపపై ఆనించిన మొదటి చలువరాతి బిళ్లను ఫ్రిజ్‌లోంచి తీసి ఉంటారనుకున్నాను. కాదట, అది పొద్దుటి నుంచి ఆ గదిలోనే చెక్క పళ్లెంలో ఉందట. పళ్లేనికీ రాతికీ ఉన్నది ఒకే ఉష్ణోగ్రత అయినా, తాకి చూస్తే చెక్క మామూలుగా ఉంది, రాయి జిల్లుమంది.

వేసవి మధ్యాహ్నం పరుపు వదిలి నాపరాతి గచ్చు మీద పడుకునేవారికి ఈ తేడా కొత్త కాదు. చలువరాయి వేడిని చెక్కకన్నా పది రెట్లకు పైగా సులువుగా తనలోకి పోనిస్తుంది. గది 24 డిగ్రీల సెల్సియస్, ముఖ చర్మం 33 డిగ్రీలు అనుకుంటే, తాకిన క్షణంలో చర్మపు పైపొర రాతి కింద సుమారు 27కు పడిపోతుంది, చెక్క కింద 31 దగ్గరే ఆగుతుంది. నాడులు గుర్తించేది రాతి ఉష్ణోగ్రతను కాదు, చర్మంలో కలిగిన ఈ తగ్గుదలను. చల్లదనానికి తెరుచుకునే టీఆర్‌పీఎం8 అనే ప్రోటీన్ ద్వారాన్ని 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌ల బృందాలు వేర్వేరుగా గుర్తించాయి. స్పర్శ, ఉష్ణ గ్రాహకాలపై పరిశోధనకు వారిద్దరికీ 2021లో నోబెల్ బహుమతి లభించింది. పుదీనా జాతి మొక్కల్లోని మెంథాల్ తెరిచేదీ ఇదే ద్వారం కనుక, ఫేషియల్ క్రీములో మెంథాల్ ఉంటే ఏమాత్రం చల్లబడకుండానే చర్మం చల్లబడినట్లు భ్రమిస్తుంది.

తరువాతి బిళ్లలను నిజంగానే చల్లని పెట్టెలోంచి తీశారు. వంద గ్రాముల చలువరాయి 5 డిగ్రీల నుంచి 30కి చేరేలోగా తీసుకునే వేడి దాదాపు 2,200 జౌళ్లు; ఏడు గ్రాములైనా లేని మంచుముక్క కరగడానికి అంతే వేడి చాలు. ఇది రాతి లోపంలా కనిపించినా, నా దృష్టిలో దాని సుగుణమే. మంచు కరుగుతున్నంతసేపూ సున్నా డిగ్రీల దగ్గరే ఉండి, ఒకే చోట అదిమి ఉంచితే చర్మాన్ని గాయపరచగలదు. రాయి మాత్రం తానే వేడెక్కి ఊరుకుంటుంది. బిళ్లలను మాటిమాటికీ మార్చవలసి రావడం అందుకే. చల్లదనానికి దద్దుర్లు లేచే శరీరతత్వం ఉన్నవారు మాత్రం రాతికైనా దూరంగా ఉండాలి.

చల్లదనానికి చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి కనుక ఎరుపు, కళ్ల కింది ఉబ్బు కొంతసేపు తగ్గుతాయి. చర్మం మళ్లీ వేడెక్కగానే నాళాలూ విప్పారతాయి. స్వేదరంధ్రాలు మూసుకుపోతాయని ఫేషియల్ చేసినావిడ నమ్మకంగా చెప్పారు కానీ, వాటిని తలుపుల్లా మూసి తెరిచే కండరాలేవీ లేవు. చలికి రోమాలను నిక్కబొడిచేలా చేసే కండరాలున్నా, వాటి పని వేరు. విషపదార్థాలు బయటికి పోతాయన్న మాటకైతే ఆధారమే లేదు. ఆ పని కాలేయానిది, మూత్రపిండాలది.

ఆఖరి బిళ్లను తీస్తున్నప్పుడు అడిగి చేతిలోకి తీసుకున్నాను. చల్లగా లేదు. నా చెంపల నుంచి పోయిన వేడిలో కొంత అందులోనే ఉంది.