ఆర్‌ఎంపీ అనే మూడక్షరాల వెనక

మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే డిగ్రీ లేకుండా సూది వేసే డాక్టరు. నిజానికి అది ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’. అంటే సర్కారు రిజిస్టరులో పేరున్నవాడని. మాట ఇలా తలకిందులవడం ఉత్త యాసలో జరిగిన తమాషా కాదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం 1914లో వచ్చింది. ఇంగ్లీషు వైద్యం చదివినవాళ్లకే అందులో చోటు. నాటువైద్యుణ్ని వైద్యం మానమనలేదు, లెక్కలోకీ తీసుకోలేదు. బందరు నుంచి వెళ్లి మద్రాసులో ఆయుర్వేదం బోధిస్తున్న దీవి గోపాలాచార్యుల వంటి పండితులు కూడా ఆ లెక్కలో లేనట్టే. 1921లో వేసిన ఉస్మాన్ కమిటీ, దేశీయ వైద్యానికి సర్కారు గుర్తింపు, చదువు ఉండాలని చెప్పింది. ఆ తర్వాతే మద్రాసులో దేశీయ వైద్యం నేర్పే ప్రభుత్వ పాఠశాల పుట్టింది.

దేశీయ వైద్యానికి దేశమంతటా వర్తించే చట్టం కోసం 1970 దాకా ఆగాల్సి వచ్చింది. హోమియోపతికి 1973లో వేరే చట్టం. 1970 చట్టం రిజిస్టరులో లేనివాళ్లకు తలుపు వేసింది గానీ కిటికీ తెరిచే ఉంచింది. రిజిస్టరు లేని రాష్ట్రంలో అప్పటికే అయిదేళ్లుగా వైద్యం చేస్తున్నవాళ్లు కొనసాగొచ్చంది. పాతవాళ్ల పొట్ట కొట్టకూడదనుకోవడం న్యాయమే. కానీ ఆ మినహాయింపు పొందినవాళ్లలో కుర్రవాళ్లకైనా ఇప్పుడు ఎనభై దగ్గర పడుతుంటాయి. నలభై ఏళ్ల వైద్యుడు దాన్ని చూపిస్తే లెక్క కుదరదు.

ప్రయాగ హిందీ సాహిత్య సమ్మేళన్ ఇచ్చిన ‘వైద్య విశారద’, ‘ఆయుర్వేద రత్న’ పట్టాలదీ ఇదే కథ. 1931 నుంచి 1967 వరకు ఇచ్చినవాటికే గుర్తింపు. ఆ తర్వాతవి చెల్లవని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. పట్టా ఒకటే, సంవత్సరం మారితే విలువ మారిపోతుంది. గోడకు వేలాడే ఫ్రేమును దూరం నుంచి చూస్తే అది తెలియదు.

1996లో పూనమ్ వర్మ కేసు మరో మెలిక విప్పింది. హోమియోపతిలో రిజిస్టరైన డాక్టరు అల్లోపతి మందులిచ్చాడు, రోగి చనిపోయాడు. తనకు రాని పద్ధతిలో వైద్యం చేస్తే క్వాకే, అంటే నకిలీ వైద్యుడేనంది సుప్రీంకోర్టు. అంటే రిజిస్టరులో పేరుంటే చాలదు, ఏ పద్ధతి కింద ఉందో కూడా చూడాలి. ఎలక్ట్రోపతి లాంటి గుర్తింపు లేని పద్ధతుల్లో డిగ్రీలివ్వడానికి, పేరు ముందు ‘డాక్టర్’ వాడటానికి వీల్లేదని కేంద్రం 2003 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది. అయినా ‘ఎం.డి.’ పక్కన బ్రాకెట్లో చిన్నగా ‘ఎ.ఎం.’, అంటే ఆల్టర్నేటివ్ మెడిసిన్, అని రాసిన బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి.

2020లో 1970, 1973 చట్టాల స్థానంలో కొత్త చట్టాలు, వాటితో జాతీయ కమిషన్లు వచ్చాయి. రాష్ట్ర రిజిస్టరుతో పాటు జాతీయ రిజిస్టరు కూడా ఉంటుంది. యోగా, ప్రకృతి వైద్యాలను మాత్రం బయటే ఉంచారు. దాంతో అయిదున్నరేళ్లు బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చదివినవాళ్లూ, వారం కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లూ, ఇద్దరూ ఆ జాతీయ రిజిస్టరులో కనిపించరు.