ఉబ్బసం పిల్లలకు ప్రోబయోటిక్ పని చేస్తుందా?

ఆయాసం ఉన్న పిల్లాడికి పెరుగు పెట్టాలా మానాలా అన్నది మన ఇళ్లలో పాత తగువే. ఇప్పుడు మందుల షాపులో దొరికే ప్రోబయోటిక్ (మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా) సాచెట్ కూడా అందులోకి వచ్చి చేరింది.

పేగుకూ ఊపిరితిత్తులకూ సంబంధం ఉన్నమాట నిజం. మనం తిన్న పీచును పేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి అసిటేట్, బ్యూటిరేట్ వంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. అతిగా స్పందించే రోగనిరోధక కణాలను ఇవి శాంతపరుస్తాయి. కెనడాలో 319 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. ఉబ్బసం ముప్పు ఎక్కువున్న పిల్లల మలంలో మూడు నెలల వయసులోనే ఫీకాలిబ్యాక్టీరియం, లాక్నోస్పైరా, వీయోనెల్లా, రోథియా అనే నాలుగు రకాల బ్యాక్టీరియా తగ్గి కనిపించాయి. మామూలుగా దొరికే సాచెట్లలో ఉండేవి ఇవి కావు. చిక్కంతా ఇక్కడే ఉంది.

అమెరికాలో 184 మంది శిశువులకు తొలి ఆరు నెలలు రోజూ లాక్టోబాసిలస్ జీజీ అనే ప్రోబయోటిక్ రకాన్ని ఇచ్చి చూశారు. ఐదేళ్లకు ఉబ్బసం విషయంలో నమ్మదగ్గ తేడా తేలలేదు. తైవాన్‌లో మాత్రం అప్పటికే ఉబ్బసం ఉన్న 6-18 ఏళ్ల పిల్లలు 160 మందికి వేరే రకాలను మూడు నెలలు ఇస్తే తీవ్రత కొంత తగ్గింది. రెండు చోట్లా రకం వేరు, వయసు వేరు. ఒకదాని ఫలితాన్ని ఇంకొకదానికి అంటగట్టలేం. అందుకే పెట్టె మీద 'లాక్టోబాసిలస్' అని మాత్రమే ఉంటే చాలదు. స్ట్రెయిన్ (అందులోని కచ్చితమైన ఉపరకం) పేరు, గడువు తేదీ వరకు బతికుండే బ్యాక్టీరియా సంఖ్య కూడా ఉండాలి. పొడిని వేడి పాలలో కలిపితే చాలా రకాలు చచ్చిపోతాయి. నెలలు నిండకుండా పుట్టినవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి డాక్టరు చెప్పకుండా అసలు ఇవ్వకూడదు.

పాల ఎలర్జీ లేకపోతే పెరుగు మాన్పించక్కర్లేదు, కానీ దాన్ని మందుగా లెక్కవేయకండి. సాచెట్ మొదలుపెట్టి, పిల్లాడు బాగున్నాడని స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఆపేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. శ్వాసనాళాల వాపు లోపల మళ్లీ పెరుగుతుంది. జలుబు చేసిన రాత్రి పిల్లికూతలతో బయటపడుతుంది.

చాలాసార్లు లోపం మందులో కాదు, వాడే తీరులో ఉంటుంది. ఇన్‌హేలర్‌ను బాగా ఊపి, స్పేసర్‌కు (మందును కాసేపు పట్టి ఉంచే గొట్టానికి) తగిలించి, ఒక్కసారే నొక్కి, ఐదారు మామూలు శ్వాసలు తీయించాలి. రెండో పఫ్‌కు మళ్లీ ఊపాలి. తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మించాలి. ప్లాస్టిక్ స్పేసర్‌ను సబ్బునీళ్లతో కడిగి గాలికే ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే స్థిర విద్యుత్తు పుట్టి, మందు పిల్లాడికి అందకుండా గోడలకే అంటుకుపోతుంది.